దృశ్యం, సంగీతం, వ్యాఖ్యానం: పస్తాపూర్, పటాన్‌చెరుల నుంచి వ్యవసాయ డాక్యుమెంటరీకి ఒక పాఠం

వ్యవసాయ విస్తరణకు దృశ్యశ్రవణ మాధ్యమం కొత్తది కాదు. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ తీసిన లఘుచిత్రాలను దేశమంతటా సినిమా హాళ్లలో అసలు చిత్రానికి ముందు ప్రదర్శించేవారు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు నడిచిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు చేరింది. అందులో వాడిన భాషల్లో తెలుగు ఒకటి. ఈ రెండు సంప్రదాయాల వల్ల కలిగిన మేలు తక్కువేమీ కాదు గాని, వాటి నుంచి మనకు ఒక అలవాటు కూడా సంక్రమించింది. తెరపై పచ్చని పొలం కనిపిస్తుంది, వెనుక వేణువు వినిపిస్తుంది, ఆపైన ఒక గంభీర కంఠం "ఇది పచ్చని పొలం" అని చెబుతుంది. చూసినదే వినిపిస్తుంది, విన్నదే మళ్లీ చెబుతారు. ఇక ప్రేక్షకునికి ఆలోచించడానికి మిగిలేదేమీ ఉండదు. మన విద్యార్థులు నేడు చేతిఫోనుతో తీసే చిత్రాల్లోనూ ఇదే పద్ధతి కొనసాగుతున్నది. మారింది పరికరం మాత్రమే.

దృశ్యం, సంగీతం, వ్యాఖ్యానం అనే మూడింటినీ మేళవించడమంటే మూడింటి చేతా ఒకే మాట చెప్పించడం కాదు. దృశ్యం సాక్ష్యాన్ని ఇస్తుంది. వ్యాఖ్యానం ఆ సాక్ష్యానికి స్థలాన్ని, కాలాన్ని, పరిమాణాన్ని చేరుస్తుంది. సంగీతం ఆ సాక్ష్యం ముందు ప్రేక్షకుడు ఎంతసేపు నిలవాలో నిర్ణయిస్తుంది. ఏ ఒక్కటి మరొకదాని పనిని తలకెత్తుకున్నా చిత్రం బలహీనపడుతుంది. ముఖ్యంగా సాక్ష్యం లేనిచోట సంగీతం సాక్ష్యమిచ్చినట్లు నటిస్తే, అది విస్తరణ కాదు, ప్రచారం అవుతుంది. ఈ విషయాన్ని పరిశీలించడానికి దూరం పోనవసరం లేదు. హైదరాబాదు నుంచి 65వ నంబరు జాతీయ రహదారిపై పడమరకు వెళితే మొదట పటాన్‌చెరు, తరువాత సంగారెడ్డి, ఆపైన జహీరాబాదు వస్తాయి. ఈ ఒక్క జిల్లాలోనే డాక్యుమెంటరీకి ఒక గొప్ప నమూనా ఉంది, ఒక గొప్ప పరీక్షా ఉంది.

నమూనా జహీరాబాదు పక్కనున్న పస్తాపూర్‌లో ఉంది. 1983లో ప్రారంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడి ఎర్రనేలల్లో, మెట్టపొలాల్లో దళిత మహిళా సంఘాలతో చిరుధాన్యాలు, కలగలుపు పంటలు, విత్తన పరిరక్షణ చేపట్టింది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ అంతకు ముందు దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసినవారు. 2023 మార్చిలో ఆయన మరణించారు. ఆయన దృశ్యమాధ్యమాన్ని సంఘం మహిళల చేతికి అందించారు. బడి ముఖం చూడని, పగలంతా కూలికో సొంత చెలకకో వెళ్లే స్త్రీలు కెమెరా పట్టడం, ధ్వని ముద్రించడం, కూర్పు చేయడం నేర్చుకున్నారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. సమీపంలోని మాచనూరులో 2008 అక్టోబరు 15న ప్రసారాలు ప్రారంభించిన సంఘం రేడియో కూడా అదే కుదురు నుంచి వచ్చింది.

వారు కెమెరా కోణాలకు పెట్టుకున్న పేర్లు చలనచిత్ర శాస్త్రం చదివినవారిని సైతం ఆలోచింపజేస్తాయి. పై నుంచి కిందికి చూసే కోణం వారికి "పటేల్ షాట్". గద్దెమీదో గుర్రంమీదో ఉన్న పటేలు కింద నిలిచిన కూలివాణ్ణి అలాగే కదా చూసేది. కింది నుంచి పైకి చూసేది బానిస చూపు. కంటికి కన్ను సమానంగా నిలిపి తీసేది "సంఘం షాట్", ఎందుకంటే సంఘంలో అందరూ నేలమీద వలయంగా కూర్చుంటారు. పాఠ్యపుస్తకంలో కెమెరా ఎత్తు ఒక సాంకేతికాంశం. వీరి చేతిలో అది సామాజిక సంబంధం. విస్తరణ విద్యార్థి ఒకసారి తన పాత చిత్రాలను ఈ మూడు పేర్లతో వర్గీకరించి చూడాలి. నాటు వేస్తున్న స్త్రీలను గట్టుమీద నిలబడి తీసిన దృశ్యాలన్నీ పటేల్ షాట్లేనని, ప్రయోగక్షేత్రంలో శాస్త్రజ్ఞుణ్ణి తీసినవన్నీ కింది నుంచి పైకి చూసినవేనని తేలుతుంది. మనం వ్యాఖ్యానంలో ఎంత వినయంగా "రైతు సోదరులారా" అన్నా, కెమెరా అప్పటికే మరో మాట చెప్పి ఉంటుంది.

సస్యశాస్త్ర రీత్యా కూడా కెమెరా ఎత్తుకు ప్రాధాన్యం ఉంది. నిలబడిన మనిషి కంటి ఎత్తు నుంచి తీస్తే పైరు ఆకుల పందిరి మాత్రమే కనిపిస్తుంది. కలుపు మొలిచే ఎత్తు, మొదటి గూడ వచ్చే చోటు, నేల పగులు, వరి దుబ్బు మొదలు కనిపించాలంటే కలుపు తీసే మనిషి కూర్చునే ఎత్తుకు దిగాలి.

ఈ బృందం పనుల్లో విస్తృతంగా చర్చకు వచ్చింది బీటీ పత్తిపై తీసిన చిత్రాల వరుస. 2002 మార్చిలో కేంద్రం మూడు బీటీ పత్తి సంకరాలకు వాణిజ్య సాగుకు అనుమతి ఇచ్చింది. ఆ ఖరీఫ్‌లోనే పస్తాపూర్ మహిళలు వరంగల్ జిల్లాకు వెళ్లి, పంటకాలం పొడవునా మళ్లీ మళ్లీ అవే గ్రామాలకు తిరిగి, రైతుల మాటలను, చేలను చిత్రించారు. ఆ పత్తిపై వరంగల్ రైతులకు కోపమెందుకు అని ప్రశ్నించే చిత్రం 2003లో వెలువడింది. తరువాత మూడేళ్ల అనుభవంపై మరొకటి వచ్చింది. 2007లో ఇతర దేశాల రైతులను కూడా కలిపి ఇంకొకటి తీశారు.

వీటి బలం కాలంలో ఉంది. మన శాఖల చిత్రాల్లో అధికభాగం ఒక్క రోజులో, సాధారణంగా క్షేత్ర దినోత్సవం నాడు, పైరు నిండుగా ఉన్నప్పుడు తీసినవి. పంట ఒక రోజు సంగతి కాదు. విత్తనం కొన్ననాటి ముఖం, కాయ పట్టే వేళ ముఖం, అమ్మకం నాటి ముఖం ఒకే రైతువి అయినప్పుడు మాత్రమే ప్రేక్షకుడు సొంతంగా ఒక నిర్ణయానికి రాగలడు. అక్కడ వ్యాఖ్యాత మాట్లాడనక్కరలేదు. మూడు దృశ్యాల మధ్య గడిచిన నెలలే వ్యాఖ్యానం.

పరిమితి కూడా అక్కడే ఉంది. 2002 దేశవ్యాప్తంగా వర్షాభావ సంవత్సరం. పంట దెబ్బతినడంలో విత్తనం పాలెంత, వాన పాలెంత, నేల పాలెంత అన్నది కొందరు రైతుల మాటల నుంచి విడదీయలేము. అందుకు పక్కపక్కనే వేసిన బీటీయేతర చేలు, తగినన్ని నమూనాలు, లెక్కలు కావాలి. ఆ సంగతి పస్తాపూర్ వారికి తెలియదనుకోరాదు. వ్యవసాయశాఖలో సంయుక్త సంచాలకులుగా పనిచేసిన అబ్దుల్ ఖయ్యూం, శాస్త్రవేత్త కిరణ్ సఖ్ఖరి అదే కాలంలో అదే జిల్లాలో క్షేత్ర అధ్యయనం చేసి, సాగు ఖర్చులను, దిగుబడులను నివేదికగా వెలువరించారు. అంకెలు నివేదికలోకి, ముఖాలు చిత్రంలోకి వెళ్లాయి. ఈ విభజన నాకు సరైనదిగా తోస్తుంది. ఆ నివేదిక నిర్ధారణలతో ఏకీభవించని సహోద్యోగులు అనేకులున్నారు, వారి వాదాలకూ ఆధారాలున్నాయి. కాని వాదించడానికి ఇరుపక్షాలకూ ఒక పత్రం ఉంది. చిత్రం ఒంటరిగా లేదు. 2005లో ఆ మూడు సంకరాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పునరుద్ధరణ జరగలేదు.

ఇక్కడ విద్యార్థులు మరొకటి గమనించాలి. ఆ చిత్రం చెప్పేది ఆ సంకరాల గురించి, ఆ సంవత్సరాల గురించి. తరువాత రెండు జన్యువుల బీటీ వచ్చింది, దేశంలో పత్తి విస్తీర్ణంలో చాలా భాగం బీటీదే అయింది, ఆపైన గులాబీ రంగు పురుగు నిరోధకత పెంచుకున్నది. పాత చిత్రంలోని ఒక ముక్కను కత్తిరించి, తేదీ లేకుండా ఈనాడు పంచితే, ఇటువైపు వాదనకైనా అటువైపు వాదనకైనా అది అబద్ధంగా మారుతుంది. తెరమీద నెల, సంవత్సరం, గ్రామం, రకం పేరు వేయడం అలంకారం కాదు. పరిశోధన పత్రంలో "పదార్థములు, పద్ధతులు" అనే భాగానికి ఎంత విలువ ఉందో దీనికీ అంతే విలువ ఉంది.

సంగీతం విషయానికి వస్తే, వ్యవసాయ డాక్యుమెంటరీ చరిత్రలో తప్పక చూడవలసిన చిత్రం 1936లో అమెరికాలో పేర్ లోరెంజ్ తీసిన 'ద ప్లౌ దట్ బ్రోక్ ద ప్లెయిన్స్'. అక్కడి మహామైదానాల్లో గడ్డినేలలను దున్ని గోధుమ వేయడం, యుద్ధకాలపు ధరలకు ఆశపడి సాగు విస్తరించడం, చివరకు అనావృష్టిలో పైమట్టి ధూళిగా లేచిపోవడం దాని కథ. ప్రభుత్వ పునరావాస సంస్థ దానిని నిర్మింపజేసింది. వర్జిల్ థామ్సన్ అక్కడి పశువుల కాపరుల పాటల బాణీలను, చర్చి కీర్తనల బాణీలను తీసుకుని సంగీతం కూర్చాడు. ట్రాక్టర్ల వరుసను, యుద్ధట్యాంకుల వరుసను ఒకదాని తరువాత ఒకటిగా పేర్చిన ఘట్టం అందులో ఉంది. గోధుమకు, యుద్ధానికి గల సంబంధాన్ని దీర్ఘోపన్యాసం లేకుండా ఆ కూర్పు, సంగీతం కలిసి చెబుతాయి. అయితే అదే చిత్రంపై ఆ ప్రాంతపు ప్రతినిధులు తీవ్ర అభ్యంతరం చెప్పారు. తమ నేలంతా ఎడారి అయినట్లు చూపారని, తమ ప్రాంతానికి చెడ్డపేరు తెచ్చారని వారి బాధ. ఆ అభ్యంతరాన్ని గుర్తుంచుకోండి. పటాన్‌చెరు వద్ద అది మళ్లీ మనకు ఎదురవుతుంది.

థామ్సన్ చేసిన పనిలో మనకు పనికివచ్చే సూత్రం ఒక్కటే: సంగీతం ఆ నేలదే కావాలి. మనకు ఆ కొరత లేదు. నాట్ల పాట, విసురురాతి పాట, బతుకమ్మ పాట, డప్పు ఉన్నాయి. పని పాటలకు లయ పని నుంచే వస్తుంది. వంగి, మొక్క నాటి, ఒక అడుగు వెనక్కి వేసే వేగమే పాట వేగం. కనుక పనిని, పాటను ఒకేసారి ముద్రించాలి. స్టూడియోలో శిక్షితగాయని పాడిన నాట్ల పాటను నాట్ల దృశ్యం మీద అతికిస్తే, చేతులు ఒక తాళంలో, గొంతు మరో తాళంలో నడుస్తాయి. నగరవాసికి అది తెలియకపోవచ్చు గాని, నాటు వేసిన స్త్రీ క్షణంలో పట్టుకుంటుంది. ఆ పైన ఆమె ఆ చిత్రాన్ని నమ్మదు. అనుమతి లేకుండా పాట ముద్రించరాదని, పాడినవారి పేరు చివర వేయాలని వేరుగా చెప్పనక్కరలేదు. చెప్పవలసి వస్తున్నది కనుక చెబుతున్నాను.

ఎక్కడ సంగీతం ఉండరాదో కూడా అంతే ముఖ్యం. రైతు తన నష్టాన్ని చెబుతున్నప్పుడు కింద విషాద వాద్యం పెడితే, ఆయన మాట చాలదని మనమే ఒప్పుకున్నట్లు. అంకె చెబుతున్నప్పుడు సంగీతం పెడితే ఆ అంకె గాలికి పోతుంది. 1955లో ఆలెన్ రెనే నాజీ నిర్బంధ శిబిరాలపై తీసిన 'నైట్ అండ్ ఫాగ్' చిత్రానికి హాన్స్ ఐస్లర్ కూర్చిన సంగీతం, అత్యంత దారుణమైన దృశ్యాల వద్ద అత్యంత మెత్తగా ఉంటుంది. దృశ్యం బరువైనప్పుడు వాద్యం తగ్గాలి. మన టెలివిజన్ కథనాలు దీనికి సరిగ్గా విరుద్ధంగా నడుస్తాయి.

ఇక పరీక్ష. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం ప్రాంతాల్లో పరిశ్రమలు విస్తరించాయి. వాటిలో మందుల ముడిపదార్థాలు చేసేవి అనేకం. 1972లో నెలకొన్న ఇక్రిశాట్ క్షేత్రాలూ ఇదే పటాన్‌చెరులో ఉన్నాయన్నది వేరే సంగతి. మంజీరలో కలిసే నక్కవాగు పరివాహకంలోని పొలాలకు, బావులకు జరిగిన హానిపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2001లో ఇక్కడి నేలల్లో భారలోహాల కాలుష్యాన్ని ప్రచురించారు. 2007లో స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం, సుమారు 90 ఔషధ తయారీ సంస్థల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు కనుగొన్నది. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండే గరిష్ఠస్థాయి కంటే ఇది ఎక్కువ.

ఇంత బలమైన అంశాన్ని చిత్రించబోయేవారు మొట్టమొదట చేసే పని ఎర్రని, నల్లని నీటి కోసం, నురగ కోసం వెదకడం. అవి దొరుకుతాయి, అవి నిజమే కూడా. కాని యాంటీబయాటిక్‌కు రంగు లేదు, ఆర్సెనిక్‌కు వాసన లేదు. ప్రేక్షకుని మనసులో "రంగు నీరు చెడ్డది, తేట నీరు మంచిది" అనే భావాన్ని నాటితే, చిత్రం మేలుకు బదులు కీడు చేస్తుంది. కనుక ఈ ప్రాంతంపై తీసే చిత్రంలో కేంద్ర దృశ్యం తేట నీరే కావాలని నా అభిప్రాయం. గాజు గ్లాసులో తేట నీరు, ప్రయోగశాల పరికరం తెరపై అంకె, మౌనం. నురగను సాయంకాలపు వెలుగులో అందంగా చిత్రించడం మరో వల. అందమైన కాలుష్యం కన్నును ఆపుతుంది, ఆలోచనను కూడా ఆపుతుంది.

వ్యాఖ్యానం ఇక్కడే అసలు బాధ్యత వహించాలి. 31 మిల్లీగ్రాములన్న అంకె శుద్ధికేంద్రం నుంచి వెలువడే నీటిది. బావి నీటిది కాదు, పొలానిది కాదు. అదే పరిశోధక వర్గం 2009లో గ్రామాల బావుల్లోనూ మందుల అవశేషాలను గుర్తించింది గాని, ఆ స్థాయిలు వ్యర్థజలం కంటే ఎన్నో రెట్లు తక్కువ. తెరపై వరిచేను చూపుతూ చెవిలో ఆ 31ని వినిపిస్తే, ఒక్క అసత్య పదం లేకుండానే అసత్యం చెప్పినట్లవుతుంది. దృశ్యం, వ్యాఖ్యానం కలిసే చోట దోషం ఇలా పుడుతుంది. విడివిడిగా రెండింటినీ సరిచూసిన సంపాదకుడు కూడా దీనిని పట్టుకోలేడు. రెండింటినీ కలిపి చూస్తేనే తెలుస్తుంది.

నేలపై తెల్లని పొర కూడా అటువంటిదే. ఎండాకాలంలో చౌడు పైకి తేలి కెమెరాకు చక్కగా చిక్కుతుంది. సంతృప్త మట్టి ద్రవంలో విద్యుత్ వాహకత 4 డెసిసీమెన్స్ దాటితే దానిని లవణభూమి అంటాము. వరి దాదాపు 3 దగ్గరే దిగుబడి కోల్పోవడం మొదలుపెడితే, పత్తి 7కు పైగా తట్టుకుంటుంది. కాని మురుగు నిలిచే పల్లపు నేలల్లో ఏ పరిశ్రమా లేకుండానే చౌడు ఏర్పడుతుంది. విశ్లేషణ లేకుండా తెల్లని పొర పక్కన పొగగొట్టం చూపడం కూర్పుతో చేసే ఆరోపణ.

ఒక మూడు నిమిషాల ఘట్టాన్ని ఊహించండి. మొదటి నలభై సెకన్లు మాటలు లేవు. మోటారు మీట వేసిన శబ్దం, గొట్టం నుంచి తేట నీరు, దూరంగా రహదారిపై లారీల హోరు. ఆ హోరును తొలగించవద్దు. ఆ ఊరి పొలం రోజంతా వినేది అదే. తరువాత ఒక వృద్ధురాలు వరి ఆకు కొసను వేళ్లతో నలిపి చూపుతుంది. కెమెరా ఆమె కూర్చున్న ఎత్తులోనే ఉంటుంది. "పెద్దమ్మా, ఇది ఎప్పటి నుంచి ఇట్లయింది?" అన్న ప్రశ్నను కూడా ఉంచాలి, అడిగినవారి గొంతుతో సహా. "నీళ్లు పారిచ్చినంక కొసలు కాలుతున్నయ్ బిడ్డా" అన్న జవాబు మీద "కలుషిత జలాల ప్రభావమున పత్రాగ్రములు శుష్కించుచున్నవి" అని మన వ్యాఖ్యాత అనువదించనక్కరలేదు. ఆమె భాష తెలుగే. ఆపైన ప్రయోగశాల. ఇప్పుడు వ్యాఖ్యాత మొదటిసారి మాట్లాడతాడు: ఏ బావి, ఏ తేదీ, ఎంత వాహకత, వరికి హద్దు ఎంత. నాలుగు వాక్యాలు. ఐదు సెకన్ల మౌనం. చివర షిఫ్టు బస్సు వచ్చి ఊరి పొలిమేరలో ఆగుతుంది. ఆమె కొడుకు టిఫిను డబ్బాతో ఎక్కుతాడు. సంగీతం ఎక్కడా లేదు.

ఆ చివరి దృశ్యం నేను ఊరికే చేర్చలేదు. ఈ వలయంలో రైతు, కార్మికుడు తరచుగా ఒకే ఇంటివారు. ఫ్యాక్టరీని ఒక రాక్షసిగా, పొలాన్ని ఒక సాధ్విగా చూపే సంగీతం ఆ ఇంట్లో ఎవరికీ నిజమనిపించదు. నీరు చెడిందని చెప్పే తల్లికి, జీతం తెచ్చే కొడుకుకు మధ్య ఉన్న ఇరకాటమే అసలు విషయం. కొడుకు మాట్లాడితే పని పోవచ్చు. ముఖం చూపకుండా గొంతు మాత్రమే తీసుకున్నా, చిన్న ఊళ్లో గొంతు కూడా గుర్తుపడతారు. అటువంటప్పుడు ఆయన మాటను వదులుకోవడమే మంచిది.

ఇంకా కష్టమైనది ఊరి పేరు. పటాన్‌చెరు చుట్టుపక్కల రైతులు ఆకుకూరలు, పాలు నగరానికి అమ్ముతారు. చిత్రం ఒక ఊరి పేరు చెప్పి చెడిన నీటిని చూపితే, మరునాడు ఆ ఊరి గంపను కొనేవారు వెనక్కి నెట్టవచ్చు. వాగుకు ఎగువన, మంచి బావి కింద పండించిన రైతు గంపను కూడా. పేరు చెప్పకపోతే చిత్రం సాక్ష్యంగా నిలవదు, ఏ అధికారీ దానిపై చర్య తీసుకోలేడు. అమెరికా మైదానాల ప్రతినిధుల బాధ ఇటువంటిదే. దీనికి సులభమైన పరిష్కారం నాకు కనిపించలేదు. నేను విద్యార్థులకు విధించే నియమం ఇది: విశ్లేషణ ఫలితం ఉన్నచోట బావిని, సర్వే నంబరును, తేదీని చెప్పండి, ఊరంతటినీ నిందించకండి. కంటితో చూసింది తప్ప ఆధారం లేనిచోట పేరు చెప్పకండి. మంచి నీరున్న బావిని కూడా అదే చిత్రంలో, అంతే శ్రద్ధగా చూపండి. చివరి కూర్పుకు ముందు చిత్రాన్ని ఆ ఊళ్లోనే ప్రదర్శించండి. తన దృశ్యం తీసివేయమన్న మనిషి కారణం చెప్పనక్కరలేదు.

ఊరి ప్రదర్శనకు మరో ప్రయోజనం ఉంది. 2006లో కర్ణాటకలో మొదలైన డిజిటల్ గ్రీన్ విధానంలో, చిన్న వీడియోను చూపే వ్యక్తి మధ్యమధ్య దానిని ఆపి రైతులను ప్రశ్నిస్తాడు. ఆ విరామమే ఆ విధానానికి ప్రాణం. కనుక కూర్చేటప్పుడే ఆపడానికి వీలైన చోట్లు ఉంచుకోవాలి. సంగీతం ఎడతెగకుండా సాగే చిత్రంలో అటువంటి చోటు దొరకదు.

ఈ సెమిస్టరు విద్యార్థులకు అభ్యాసం: మీరు తీసిన చిత్రాన్ని మొదట శబ్దం లేకుండా చూడండి, దృశ్యం ఏమి రుజువు చేసిందో రాయండి. తరువాత తెరను కప్పి వినండి, వ్యాఖ్యానం దృశ్యానికి మించి ఏమి చేర్చిందో రాయండి. సంగీతం పూర్తిగా తీసివేసిన ప్రతిని, ఉంచిన ప్రతిని పక్కపక్కన చూసి, సంగీతం పోగానే కూలిపోయిన వాదనలను గుర్తించండి. ఆపైన ఊళ్లో ప్రదర్శించి, ప్రేక్షకులు తెరను వదిలి తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెట్టిన క్షణాన్ని నిమిషం, సెకనుతో సహా నమోదు చేయండి. ఏ దృశ్యం వద్ద, ఎవరు, ఏమన్నారు అన్నది ఆ పట్టికలో నాలుగో గడి.